ముక్కులో సీసం

ప్లాస్టిక్ నమూనా విమానాలు కట్టే అలవాటున్న వారందరికీ తెలిసిన చిక్కు ఒకటుంది. పాతకాలపు ప్రొపెల్లర్ యుద్ధవిమానాలు చాలావరకు తోక నేలకు ఆనించి, ముక్కు పైకెత్తి కూర్చుంటాయి. వాటితో పేచీ లేదు. జెట్ విమానాల తీరు వేరు. ముక్కు కింద ఒక చక్రం, రెక్కల కింద రెండు చక్రాలు పెట్టుకుని అవి నేలకు సమాంతరంగా నిలబడాలి. కానీ నమూనా లోపలంతా బోలు. రెక్కలూ తోకా చేరి వెనకభాగమే బరువెక్కుతుంది. అంటించి, రంగులేసి, ముద్రలన్నీ అతికించి బల్లమీద నిలబెడితే నింపాదిగా వెనక్కి ఒరిగి తోకమీద చతికిలబడుతుంది. అందుకే దేహపు రెండు చిప్పలనూ కలపకముందే ముక్కులో సీసం పెడతాము. చేపల వలకు కట్టే సీసపు గుండ్లు ఈ పనికి శ్రేష్ఠం. వాటిని తెల్ల జిగురుతో మాత్రం అంటించకూడదు. ఆ జిగురులోని ఆమ్లానికి సీసం కొన్నేళ్ళలో తెల్లని పొడిగా మారి, ఉబ్బి, ముక్కును లోపలినుంచి పగలగొడుతుంది. ఇది వినికిడి మాట కాదు, అనుభవజ్ఞులందరూ చూసినదే.

మొదటితరం బ్రిటిష్ జెట్ యుద్ధవిమానాలను 1/72 కొలతలో కట్టడం చాలాకాలంగా నా వ్యాపకం. చరిత్ర పుస్తకాల్లో ఈ విమానాల కథ వేగాలుగా, రికార్డులుగా, తేదీలుగా కనబడుతుంది. కట్టేవాడికి అదే కథ మరోలా ఎదురవుతుంది. ఈ రెక్క ఇంత పొడుగెందుకు, ఈ గొట్టం ఇంత లావెందుకు, ఇక్కడ కూర్చునే మనిషి ఏ కుర్చీలో కూర్చున్నాడు — ప్రతి ముక్కా ఒక ప్రశ్న వేస్తుంది. సమాధానం తెలియనిదే జిగురు పూయలేము.

కొలత గురించి ఒక మాట. 1/72 అంటే ఆరడుగులకు ఒక అంగుళం. ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తుంటాడు. 1930 దశకంలో బ్రిటన్‌లో స్కైబర్డ్స్ అనే కొయ్య నమూనాలతో ఈ కొలత వాడుకలోకి వచ్చింది. 1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరుతో ప్లాస్టిక్ నమూనాలు తెచ్చినపుడు అదే కొలతను పట్టుకుంది. తర్వాత యుద్ధం వచ్చింది. ఆకాశంలో కనబడేది మిత్రుడి విమానమో శత్రువుదో నీడను చూసి పోల్చుకునేలా సైనికులకు తర్ఫీదు ఇవ్వడానికి నమూనాలు కావలసి వచ్చాయి. 1942లో అమెరికా నౌకాదళం ఐదు లక్షల కొయ్య నమూనాలు చెక్కి ఇవ్వమని బడిపిల్లలను కోరింది. వాటి కొలత కూడా 1/72. ఇవాళ మన అల్మరాల్లో బొమ్మగా ఉన్న వస్తువు ఒకప్పుడు మనవాడిని మనవాడే కాల్చకుండా కాపాడే సాధనమన్నమాట.

బ్రిటన్‌లో మొట్టమొదట ఎగిరిన జెట్ గ్లాస్టర్ ఇ.28/39. ఫ్రాంక్ విటిల్ 1930లో తన ఇంజనుకు పేటెంటు కోరాడు. 1935లో దానిని పునరుద్ధరించడానికి ఐదు పౌండ్లు కట్టాల్సి వస్తే, ప్రభుత్వం కట్టనంది, ఆయన దగ్గర లేవు. పేటెంటు చెల్లిపోయింది. ఆ ఇంజనే 1941 మే 15 సాయంత్రం క్రాన్‌వెల్‌లో గెరీ సేయర్ చేతుల్లో 17 నిమిషాలు ఎగిరింది. నమూనాగా ఇది కొసనుంచి కొసకు పన్నెండు సెంటీమీటర్లు, అరచేతిలో పట్టేస్తుంది. విటిల్ ఇంజను గాలిని అపకేంద్ర బలంతో పక్కలకు విసిరి నొక్కే రకం కనుక అడ్డకొలత పెద్దది. ఆ డొల్ల చుట్టూ విమానాన్ని తొడిగినట్టుంటుంది, అందుకే ఆ బొద్దుదనం. దేహం మీది సంఖ్య చివర ఒక గీత, దాని పక్కన 'జి' అక్షరం ఉంటాయి: డబ్ల్యు4041/జి. నేల మీద ఉన్నంతసేపూ సాయుధ కాపలా ఉండాలని ఆ అక్షరానికి అర్థం. అసలు విమానం ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

రెండవ ఇ.28/39 కథ మ్యూజియం దాకా రాలేదు. 1943 జూలై 30న 33,000 అడుగుల ఎత్తున దాని రెక్కల చివరి కదిలే పలకలు బిగుసుకుపోయాయి. డగ్లస్ డేవీ అనే స్క్వాడ్రన్ లీడరు బయటికి దూకి పారాచూట్‌తో బతికాడు. ఐదు నెలలు గడిచాక, 1944 జనవరి 4న, అదే డేవీ మరో ప్రయోగాత్మక జెట్‌లో చనిపోయాడు. మొదటి పైలట్ సేయర్ అంతకుముందే, 1942 అక్టోబరులో, ఒక టైఫూన్‌లో వెళ్ళి తిరిగిరాలేదు. ఈ చిన్న విమానాన్ని కట్టినప్పుడల్లా నాకు ఈ ఇద్దరూ గుర్తుకొస్తారు.

ఇక మీటియర్. 1943 మార్చి 5న మొదట ఎగిరింది. జార్జ్ కార్టర్ దీనికి రెండు ఇంజన్లు పెట్టడానికి కారణం గాంభీర్యం కాదు, అవసరం. అప్పటి ఒక్క ఇంజనుకు ఆయుధాలు మోసే యుద్ధవిమానాన్ని లేపే సత్తువ లేదు. మొదటి మార్కులోని వెలాండ్ ఇంజను తోపు సుమారు 1,700 పౌండ్లు. 43 అంగుళాల ఆ లావు ఇంజన్లను రెక్కల మధ్యలో ఇమడ్చాలి. రెక్క వెన్నుదూలం ఇంజనుకు అడ్డు రాకూడదు. అందుకే దూలాన్ని అక్కడ కడియంలా చేసి ఇంజను చుట్టూ తిప్పారు. నమూనాలో ఆ గొట్టాలు ఒక్కొక్కటి బొటనవేలంత లావుంటాయి. వాటి దోనె చిప్పలను అతుకు కనబడకుండా కలపడానికి ఒక సాయంత్రం పడుతుంది.

మీటియర్ ముక్కులో మొదట ఆరు ఫిరంగులు పెట్టాలనుకున్నారు. తర్వాత నాలుగే పెట్టారు. రెండు తీసేసరికి ముక్కు తేలికైపోయి బరువు కేంద్రం వెనక్కి జరిగింది. దానిని సరిచేయడానికి నిజం విమానపు ముక్కులోనూ ఉత్త బరువు నింపవలసి వచ్చింది! ఇది చదివిననాడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వలగుండ్లతో నేను చేసే పనినే గ్లాస్టర్ కార్ఖానాలో మహామహులైన ఇంజనీర్లు చేశారు. ఎగరడానికి ఒక్కొక్క పౌనూ లెక్కచూసుకునే యంత్రం, ఏ పనీ చేయని దుక్కను మోసుకుంటూ తిరిగింది. 1948 అక్టోబరులో ఎగిరిన ఎఫ్.8లో దేహాన్ని 30 అంగుళాలు సాగదీసి ఈ బెడదను వదిలించుకున్నారు. 1/72లో ఆ సాగింపు పది మిల్లీమీటర్ల చిల్లర. పాత మార్కు డబ్బా కొని ఎఫ్.8 చేయాలనుకునేవాడు సరిగ్గా అక్కడ కోసి, అంత ముక్క అతకాలి. తోకా మార్చాలి, ఎఫ్.8కు గుండ్రని తోకకు బదులు పలకలు తేలిన తోక వచ్చింది. రెక్కలు అంతకుముందే మారాయి. మూడవ మార్కులో 43 అడుగులున్న రెక్కల వెడల్పు నాలుగవ మార్కులో 37 అడుగుల 2 అంగుళాలకు తగ్గింది. ఎక్కువ వేగాల్లో వాటి మీద పడే ఒత్తిడి తగ్గాలి, విమానం పక్కకు చురుకుగా దొర్లాలి. నమూనాలో రెండువైపులా కలిపి అంగుళం తేడా. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉండరు, పెదనాన్న కొడుకుల్లా ఉంటారు.

నాలుగవ మార్కుకే చెందిన విమానంలో 1945 నవంబరు 7న విల్సన్ గంటకు 606 మైళ్ళు అందుకున్నాడు. నమూనాల లోకంలో అందరికీ ప్రీతి ఇలాంటివే. అంతకంటే ప్రీతిపాత్రమైనది 616వ స్క్వాడ్రన్. 1944 జూలైలో మీటియర్లతో రంగంలోకి దిగిన ఆ దళం, లండన్ మీదికి వచ్చే వి-1 ఎగిరే బాంబులను తరిమింది. ఆగస్టు 4న డీన్ అనే పైలట్ తుపాకులు మొరాయిస్తే, తన రెక్క కొసను బాంబు రెక్క కిందికి చేర్చి, పైకి తోసి తలకిందులు చేసి కూల్చాడు. డబ్బా మీది బొమ్మకు ఇంతకన్నా ఏం కావాలి? నాకు మాత్రం ఆ స్క్వాడ్రన్ విమానాల్లో ఎక్కువ ఇష్టమైనవి తెల్లరంగువి. 1945 ఆరంభంలో కొన్ని మీటియర్లను బ్రస్సెల్స్ దగ్గరి మెల్స్‌బ్రూక్‌కు పంపినప్పుడు వాటికి నిలువెల్లా తెల్లరంగు పూశారు. జెట్ అంటే జర్మన్‌దే అనుకుని సొంత ఫిరంగిదళాలు కాల్చకుండా, మన జెట్ ఇలా ఉంటుందని కళ్ళకు అలవాటు చేయడానికి. తెలుపు పూయడం కష్టం. పలుచగా ఐదారు పూతలు వేస్తే గానీ కింది బూడిదరంగు మరుగున పడదు.

ఇక్కడ ఒక నిష్ఠూరం. ఏ ప్రదర్శనకు వెళ్ళినా జర్మన్ల మెసర్‌ష్మిట్ 262లు అరడజను ఉంటాయి, మీటియర్ ఒకటుంటే గొప్ప. అది అందగత్తె, కాదనను. కానీ దాని ఇంజను పాతిక గంటలు నడిస్తే ఎక్కువ. వెలాండ్ 180 గంటలకోసారి విప్పి చూస్తే సరిపోయేది. రెండూ ఆకాశంలో ఎన్నడూ తలపడలేదు కనుక వాదన తెగదు.

డి హావిలాండ్ వాంపైర్ వేరే దారి పట్టింది. 1943 సెప్టెంబరులో ఎగిరిన దీనికి ఒకే ఇంజను. పొడవాటి గొట్టంగుండా వేడిగాలి ప్రయాణిస్తే తోపు వృథా అవుతుంది. అసలే తక్కువ తోపు. అందుకే దేహాన్ని ఇంజను దగ్గరే తుంచేసి, తోకను రెండు సన్నని దూలాల మీద వెనక్కి పంపారు. ఆ పొట్టి దేహం ముందుభాగం కొయ్య. పలుచని చెక్కపొరల నడుమ బాల్సా పెట్టి అచ్చులో వంచి, పైన బట్ట చుట్టి చేసినది. వాళ్ళ మస్కిటో బాంబరు పద్ధతే. కొయ్యకు రేకుల అతుకులుండవు, మేకుల వరసలుండవు. కాబట్టి ఆ భాగం మీద గీతలు చెక్కిన నమూనా ఏదైనా ఉంటే ఆ గీతలను పుట్టీతో పూడ్చి నున్నగా తోమేయాలి. జెట్ యుగపు యంత్రంలో వడ్రంగి చేయి ఉందని ఆ నునుపే చెబుతుంది.

వాంపైర్‌తో మనకు బంధుత్వముంది. 1948 నవంబరులో భారత వైమానిక దళానికి అందిన తొలి జెట్ ఇదే. తర్వాత బెంగుళూరు హిందుస్థాన్ కార్ఖానాలో కూడా తయారయ్యింది. హైదరాబాదు పక్కన హకీంపేటలో ఒక తరం యుద్ధ పైలట్లు వాంపైర్ల మీదే చేయి తిప్పుకున్నారు. 1965 సెప్టెంబరు 1 సాయంత్రం ఛంబ్ మీదికి పంపిన వాంపైర్లలో నాలుగు తిరిగిరాలేదు. ముగ్గురు పైలట్లు మరణించారు. ఎదురుగా ఉన్నవి సేబర్లు; వాంపైర్ పుట్టి అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఆ రోజు తర్వాత వాటిని ముందువరస నుంచి తప్పించారు. భారత వలయాల ముద్రలతో వాంపైర్ కట్టేవాళ్ళు మెరిసే వెండిరంగు శాంతికాలపు విమానాన్నే ఎంచుకోవడం నేను గమనించాను.

ఏ విమానాన్ని ఎంచుకుంటామన్నదే నా అసలు ప్రశ్న. నమూనా కట్టడమంటే 'మీటియర్' కట్టడం కాదు. ఫలానా సంఖ్య గల మీటియర్‌ను, ఫలానా రోజున ఉన్నట్టుగా కట్టడం. కంపెనీలు ఇచ్చే ముద్రలు మనకోసం ముందే ఎంచి పెడతాయి: బాంబు కూల్చినది, రికార్డు కొట్టినది, కొరియాలో ఆస్ట్రేలియన్లు మిగ్‌లతో పోరాడినది. రాయల్ ఎయిర్ ఫోర్స్ మీటియర్లు యుద్ధంలో కూల్చిన ఎగిరే బాంబులు పద్నాలుగు దాకా ఉంటాయి. ఆ దళంలో సేవ చేస్తూ ధ్వంసమైన మీటియర్లు 890. వాటిలో ప్రాణాలు కోల్పోయిన పైలట్లు దాదాపు 450 మంది. ఈ మరణాల్లో అత్యధికం శాంతికాలంలో, ఇంగ్లండు పొలాల మీద, శత్రువనేవాడు లేని ఆకాశంలో జరిగాయి. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసిన తర్వాత డబ్బా మీది బొమ్మలు నాకు కాస్త వెలిసిపోయాయి.

నన్ను ఇటు మళ్ళించినది ఒక కుర్చీ. కాక్‌పిట్‌లో పెట్టే కుర్చీ 1/72లో చిటికెనవేలి గోరంత. ఎఫ్.8కు మార్టిన్-బేకర్ వారి ఎజెక్షన్ సీటు: నిటారుగా, తలవెనుక పెట్టెలాంటి పైభాగంతో. అంతకుముందు మార్కులకు ఉత్త రేకు కుర్చీ, బకెట్‌లాంటిది. అందులో కూర్చున్నవాడు ఆపదలో పైకప్పు తోసి, పట్టీలు విప్పుకుని, గాలితోపుకు ఎదురీది దూకాలి. వెయ్యి అడుగుల ఎత్తున అది జరిగే పని కాదు.

1948 మార్చిలో గ్లాస్టర్ వారు రెండు కుర్చీల శిక్షణ విమానం టి.7ను ఎగరేశారు. అప్పటిదాకా మీటియర్ నేర్చుకునేవాడు మొదటిసారే ఒంటరిగా ఎగరాల్సి వచ్చేది. గురువు పక్కన ఉండే వీలే లేదు. కాబట్టి టి.7 భద్రత కోసం పుట్టిన విమానం. ఆరువందలకు పైగా కట్టారు. దానికి ఎజెక్షన్ సీట్లు లేవు. సీటు అప్పటికి ఇంకా కనిపెట్టలేదా అంటే, అదీ కాదు. 1946 జూలై 24న మార్టిన్-బేకర్ ఉద్యోగి బెర్నార్డ్ లించ్ గంటకు 320 మైళ్ళ వేగంతో పోతున్న విమానంలోంచి సీటుతో సహా బయటికి ఎగిరి క్షేమంగా దిగాడు. ఆ విమానం కూడా మీటియరే.

టి.7లో నేర్పే పాఠాల్లో ఒకటి, ఒక ఇంజను ఆగినా విమానాన్ని దింపడం. ఇంజన్లు రెక్కల్లో దూరదూరంగా ఉంటాయి. ఒకటి ఆగితే రెండవది విమానాన్ని పక్కకు తిప్పేస్తుంది. ఆపడానికి చుక్కాని పెడల్‌ను కాలుతో బలంగా తొక్కిపట్టాలి. వేగం ఒక హద్దు కంటే తగ్గిందా, ఎంత బలమైన కాలైనా ఆపలేదు. ఈ పాఠాన్ని నిజంగానే ఇంజను ఆపి నేర్పేవారు. నిజమైన ఇంజను వైఫల్యాల కంటే ఈ సాధనలే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయని ఆ కాలపు పైలట్ల మాట. మరొక గండానికి వాళ్ళు 'ఫాంటమ్ డైవ్' అని పేరు పెట్టుకున్నారు. రెక్కల మీది గాలిబ్రేకులు తెరిచి ఉండగానే చక్రాలు దించితే, రెండు చక్రాలూ ఒకేసారి దిగవు. విమానం పక్కకు జారుతుంది, గాలి చెదిరి తోక పట్టుతప్పుతుంది, ముక్కు వాలిపోతుంది. దిగబోయే ముందు విమానాశ్రయం చుట్టూ తిరిగే ఎత్తులో ఇలా జరిగితే కోలుకునే చోటు ఉండదు. పైగా ఇది రెండు కుర్చీల విమానం. గురువూ శిష్యుడూ కలిసే పోయేవారు.

ఒకే ప్రమాదం కుర్చీ కథంతా చెప్పిన సందర్భం ఒకటుంది. 1986 మే 25న మిల్డెన్‌హాల్ వైమానిక ప్రదర్శనలో ఒక మీటియర్ టి.7, ఒక వాంపైర్ టి.11 జంటగా విన్యాసం చేస్తూ గాలిలో ఢీకొన్నాయి. రెండింటిలోనూ ఇద్దరేసి మనుషులు. వాంపైర్‌లో ఎజెక్షన్ సీట్లున్నాయి. ఆ ఇద్దరూ బతికారు. మీటియర్‌లో లేవు.

నమూనాల వాళ్ళకు టి.7 అంటే చిన్నచూపు. తుపాకుల్లేవు, పేరున్న పైలట్లు లేరు, పైకప్పు నిండా ఇనుపచట్రాలు. వెండిరంగు మీద పసుపు పట్టీలు వేస్తే పని అయిపోతుంది. ఒక్కటి కట్టడానికి నాకు మాత్రం ఏ ఎఫ్.8కూ పట్టనంత కాలం పట్టింది. పలుచని ప్లాస్టిక్ రేకుతో రెండు బకెట్ కుర్చీలు వంచాను. కాగితపు పీలికలతో నడుముపట్టీలు, భుజంపట్టీలు పెట్టాను. పైకప్పు అంటించాక అవి దాదాపు కనబడవు.

ఈ కథలో విధి ఆడిన ఆట ఒకటి మిగిలింది. మార్టిన్-బేకర్ సంస్థకు పేరిచ్చిన ఇద్దరిలో వాలెంటైన్ బేకర్ 1942లో తమ సొంత విమానాన్ని పరీక్షిస్తూ కూలి మరణించాడు. ఆ దుఃఖమే జేమ్స్ మార్టిన్‌ను పైలట్ల ప్రాణరక్షణ వైపు తిప్పింది. ఆ సంస్థ తన సీట్లను గాలిలో పరీక్షించడానికి రెండు పాత మీటియర్లను ఉంచుకుంది, డబ్ల్యుఎల్419, డబ్ల్యుఎ638. మిగిలిన మీటియర్లు చాలావరకు మ్యూజియాలకో తుక్కుకో చేరినా, ఇవి 21వ శతాబ్దంలో కూడా ఎగిరాయి. రెండూ టి.7లే. తోకను మాత్రం ఎఫ్.8 నుంచి తెచ్చి తగిలించారు. అందుకే సరదాగా 'ఏడున్నర మార్కు' అంటారు. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు. పైలట్ ముందు కుర్చీలో ఉంటాడు. వెనక, ఒకప్పుడు రేకు కుర్చీ ఉన్న గదిలోంచి, బొమ్మమనిషిని కూర్చోబెట్టిన కొత్త సీటు నిప్పులు చిమ్ముతూ పైకి లేస్తుంది.

నా రెండవ టి.7 అదే. నలుపు ఆరడానికి రెండురోజులు పట్టింది. దాని తోకను ఒక ఎఫ్.8 డబ్బా నుంచి తీసుకున్నాను, ఆ ఎఫ్.8 ప్రస్తుతానికి తోక లేకుండా పెట్టెలోనే ఉంది.